స్పౌజ్ వీసా పెండింగ్‌లో ఉండగా విజిట్ వీసా మీద జర్మనీ: 90/180 రోజుల లెక్క, నా అనుభవం

తమ్ముడి పెళ్ళికని హైదరాబాద్ వచ్చి అమ్మావాళ్ళింట్లో ఉన్నాను, వచ్చిన దగ్గర్నుంచి చుట్టాల్లో, పాత ఆఫీస్ ఫ్రెండ్స్‌లో చాలామంది ఒకటే అడుగుతున్నారు. ఒకరి కూతురు నెదర్లాండ్స్‌కి వెళ్ళాలి, ఇంకొకరి చెల్లి ఇటలీకి, అందరిదీ ఒకటే బాధ, స్పౌజ్ వీసాకి అప్లై చేసి కూర్చున్నాం, నెలలు గడిచిపోతున్నాయి, ఈలోపు విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడే ఉండి వెయిట్ చేయొచ్చా అని. ఫోన్లో చెప్తుంటే సగంలోనే ఆగిపోతోంది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. నాది జర్మనీ కేసు. 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదన్న రూల్ షెంగెన్‌లో, అంటే ఒకే విజిట్ వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, ఉన్న 29 దేశాలకీ ఒకటే, రెసిడెన్స్ పర్మిట్ రూల్స్ మాత్రం దేశందేశానికీ వేరు, ఆ తేడా మనసులో పెట్టుకుని చదవండి.

మా ఆయన బ్లూ కార్డ్ (బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) మీద జర్మనీలో జాబ్ చేస్తారు, దక్షిణం వైపు ఒక ఊర్లో. పెళ్ళయ్యాక నేను హైదరాబాద్‌లోనే ఉండి ఫ్యామిలీ రీయూనియన్ కింద డీ వీసాకి, అంటే ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే వీసాకి అప్లై చేశా, మనం స్పౌజ్ వీసా అనేది దీన్నే. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ జర్మన్ భాష మొదటి మెట్టు ఏ1 సర్టిఫికెట్ అడగరు కాబట్టి ఆ పరీక్ష బాధ తప్పింది. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉండటం వల్ల మనవాళ్ళందరికీ వచ్చే తంటా నాకూ వచ్చింది, అది వేరే పెద్ద కథ. ఫైల్ ఇచ్చాక పాస్‌పోర్ట్ తిరిగి నా చేతికే ఇచ్చారు, వీసా ఓకే అయ్యాక మళ్ళీ తెచ్చివ్వమని. ఇక అక్కడ్నుంచి వెయిటింగ్.

ఇక్కడ నా కేసులో ఒక ప్రత్యేకం ఉంది. నేను హైటెక్ సిటీలో ఐటీ కంపెనీలో చేసేదాన్ని, ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లయింట్ దగ్గరికి ఆఫీస్ పని మీద షార్ట్ స్టే వీసాల మీద వెళ్ళొచ్చా, ఆ వీసాలు సరిగ్గా వాడుకున్నందుకు తర్వాతిసారి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చారు. 2024 ఏప్రిల్ నుంచి ఇండియన్స్‌కి ఈ పద్ధతి వచ్చింది, గత మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని రూల్ ప్రకారం వాడి ఉంటే రెండేళ్ళది, దాని తర్వాత పాస్‌పోర్ట్‌లో గడువు సరిపోతే ఐదేళ్ళది. అంటే డీ వీసా ఫైల్ ఒకపక్క పెండింగ్‌లో ఉంది, ఇంకోపక్క నా పాస్‌పోర్ట్‌లో ఇంకా చాలా నెలలు గడువున్న సీ వీసా, అంటే ఆ షార్ట్ స్టే వీసా ఉంది.

ఇంకేం, ఇంట్లో అందరూ సలహాలు మొదలుపెట్టారు. అత్తమ్మ అయితే రోజూ, "వీసా ఉంది కదమ్మా, ఇక్కడ ఒక్కదానివి ఎందుకు, పోయి వాడి దగ్గరే ఉండు, ఆ కార్డేదో అక్కడే వస్తది" అని. ప్రేమతోనే అంటారు, నాకూ వెళ్ళాలనే ఉంది, కొత్తగా పెళ్ళయిన ఇద్దరం వీడియో కాల్‌లో కాపురం చేస్తున్నట్టు ఉండేది. దుబాయ్‌లో చాలా ఏళ్ళు పనిచేసొచ్చిన బాబాయ్ ఇంకో మాట చెప్పారు, "ఏం గాదు బిడ్డా, మూడు నెల్లయినంక పక్క దేశం పోయి ఎగ్జిట్ కొట్టిచ్చుకొని మళ్లా లోపటికొచ్చుడే, మేం ఒమాన్ బార్డర్ కాడ అట్లనే చేసేటోళ్లం" అని. పెదనాన్న కంపెనీ పని మీద చాలాకాలం కింద జర్మనీ వెళ్ళినాయన, మొదటిసారి దిగిన రోజు నుంచి ఆరు నెలలు లెక్కపెట్టు, అది అయిపోతే మళ్ళీ కొత్తగా మూడు నెలలు వస్తాయి అన్నారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళొచ్చిన పక్కింటి ఆంటీ ఆరు నెలలు ఇస్తారు కదమ్మా అన్నారు. మా ఆయన ఆఫీస్‌లో అమెరికన్ కలీగ్ ఒకాయన ఇంకా నమ్మకంగా చెప్పాడట, మా ఆవిడ వీసా లేకుండానే వచ్చింది, ఇక్కడికొచ్చాకే పర్మిట్‌కి అప్లై చేశాం, మీరూ చేసేయండి అని.

వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఇది చాలా ముఖ్యం. ఎవరి అనుభవం వాళ్ళకి నిజమే. దుబాయ్ రూల్ దుబాయ్‌ది. అమెరికాలో పేరెంట్స్‌కి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, అది అక్కడి ఐ-94 (దిగినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో రాసే రికార్డు) లెక్క. పెదనాన్న చెప్పింది పాత షెంగెన్ లెక్క, మొదటి ఎంట్రీ నుంచి ఆరు నెలల్లో మూడు నెలలు అనే పద్ధతి ఒకప్పుడు ఉండేది, 2013 అక్టోబర్ 18 నుంచి దాన్ని తీసేసి "ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులు" అని మార్చారు. ఆ అమెరికన్ కలీగ్ చెప్పింది కూడా కరెక్టే, అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, సౌత్ కొరియా, ఇజ్రాయెల్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు జర్మనీలో దిగాక అక్కడే పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చని జర్మన్ రూల్స్‌లోనే ఉంది. ఆ లిస్టులో ఇండియా లేదు. అంతే తేడా, కానీ ఆ ఒక్క తేడాతో వాళ్ళ దారి మనకి పనికిరాదు.

నేను చేసిన మొదటి పని స్టిక్కర్‌ని నిదానంగా చదవడం. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా స్టిక్కర్‌లో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని రెండు తేదీలు ఉంటాయి, ఎన్నిసార్లు లోపలికి వెళ్ళొచ్చో ఉంటుంది, విడిగా ఎన్ని రోజులు ఉండొచ్చో ఉంటుంది. చాలామంది ఆ రెండు తేదీలే చూస్తారు. నా దాంట్లో రెండేళ్ళ తేదీలు ఉన్నాయి, రోజుల దగ్గర 90 అని ఉంది. అంటే ఆ రెండేళ్ళలో ఎప్పుడైనా రావొచ్చు పోవొచ్చు, కానీ ఏ రోజు లెక్క తీసినా వెనక్కి 180 రోజుల్లో 90 దాటకూడదు. రోజులు మిగిలి ఉన్నా చివరి తేదీ దాటితే తప్పే, చివరి తేదీ ఇంకా దూరంగా ఉన్నా రోజులు అయిపోతే తప్పే, రెండిట్లో ఏది ముందొస్తే అది. పేరెంట్స్‌ని పిలిపించుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, సింగిల్ ఎంట్రీ వీసాల్లో 30 రోజులు ఇచ్చి తేదీలు మాత్రం 45 రోజులకి వేస్తారు, ఆ పదిహేను రోజులు ఫ్లైట్ మారితే ఇబ్బంది లేకుండా ఇచ్చేవే గానీ అదనంగా ఉండటానికి కాదు. అత్తమ్మ, మామయ్యలకి టికెట్లు బుక్ చేసేటప్పుడు మేం దీన్ని ఒకటికి రెండుసార్లు చెక్ చేశాం.

ఇక అసలు లెక్క. ఇది చాలామందికి ఎక్కడ తిరగబడుతుందంటే, జనవరి నుంచి జూన్ ఒక బ్లాక్, జూలై నుంచి డిసెంబర్ ఇంకో బ్లాక్ అనుకుంటారు, లేదా బయటికొచ్చేస్తే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది అనుకుంటారు. అలాంటిదేం లేదు. మీరు షెంగెన్‌లో ఉన్న ప్రతిరోజూ, ఆ రోజుని కూడా కలుపుకుని వెనక్కి 180 రోజులు చూడాలి, అందులో లోపల ఉన్న రోజులన్నీ కూడితే 90 దాటకూడదు. దిగిన రోజు ఒక రోజు, బయల్దేరిన రోజు కూడా ఒక రోజు, అర్ధరాత్రి పదకొండున్నరకి దిగినా అది పూర్తి రోజే. ఏ దేశంలో ఉన్నారు, ఏ పని మీద వెళ్ళారు అన్నది లెక్కే కాదు, నేను ఆఫీస్ పని మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న రోజులు కూడా మా ఆయన దగ్గర ఉండబోయే రోజుల్లోంచే పోయాయి. స్విట్జర్లాండ్ ఈయూలో లేదు కదా, అక్కడికి వెళ్ళొస్తే చాలు అనేవాళ్ళు ఉన్నారు, స్విట్జర్లాండ్ షెంగెన్‌లోనే ఉంది. లండన్ వెళ్తే అక్కడ ఉన్న రోజులు లెక్కలోకి రావు నిజమే, కానీ పాత రోజులు చెరిగిపోవు.

ఉదాహరణ చెప్తా, ఇవి నా తేదీలు కాదు, అర్థం కావడానికి వేసుకున్నవి, ఫిబ్రవరికి 28 రోజులున్న ఏడాది అనుకోండి. ఒకావిడ జనవరి 10న దిగి ఫిబ్రవరి 28న బయటికొచ్చింది, అంటే 50 రోజులు వాడేసింది. ఇప్పుడు ఏప్రిల్ 1న మళ్ళీ వెళ్తే మిగిలింది 40 రోజులే, మే 10 కల్లా బయటికి వచ్చేయాలి, ఎందుకంటే అప్పటికి ఆ జనవరి రోజులు ఇంకా 180 లోపలే ఉన్నాయి. అదే ఆవిడ ఏప్రిల్‌లో కాకుండా జూన్ 1న వెళ్తే? అప్పుడు కూడా 40 రోజులే, జూలై 10కి రావాలి అనుకుంటారు అందరూ. కానీ జూలై 9 నుంచి జనవరి రోజులు ఒక్కొక్కటే వెనక నుంచి రాలిపోవడం మొదలవుతుంది, ముందు ఒక రోజు కలుస్తుంటే వెనక ఒక రోజు పోతుంటుంది, మొత్తం 88 దగ్గరే ఆగి ఉంటుంది, ఆగస్టు చివరికి పాతవన్నీ పోయి కొత్తవి 90 నిండేది ఆగస్టు 29న. అంటే జూన్ 1న వెళ్తే ఏకంగా పూర్తి 90 రోజులు ఉండొచ్చు. రెండు నెలలు ఓపిక పడితే యాభై రోజులు ఎక్కువ దొరికాయి. నాకు ఈ విషయం అర్థమైన రోజు నిజంగా ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా రూల్ అంటే మనల్ని ఆపేదే అనుకున్నా, సరిగ్గా లెక్కేస్తే అదే రూల్ మనకి టైం కూడా ఇస్తుంది.

చేత్తో లెక్కేయక్కర్లేదు, యూరోపియన్ కమిషన్ వాళ్ళదే షార్ట్ స్టే కాలిక్యులేటర్ ఉంది, పాత ఎంట్రీ ఎగ్జిట్ తేదీలన్నీ ఎక్కించి ప్లానింగ్ మోడ్‌లో వెళ్ళబోయే తేదీ ఇస్తే ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్తుంది. తేదీలు మాత్రం టికెట్ చూసి కాదు, నిజంగా ఇమ్మిగ్రేషన్ దాటిన రోజు చూసి వేయాలి. జర్మనీ నుంచి పారిస్ మీదుగా హైదరాబాద్ వస్తే ఎగ్జిట్ పడేది పారిస్‌లో, అక్కడ ఫ్లైట్ అర్ధరాత్రి దాటాక ఉంటే ఇమ్మిగ్రేషన్ కూడా దాటాకే అయితే ఇంకో రోజు కలిసినట్టే. శంషాబాద్‌లో ఎప్పుడు దిగామన్నది వాళ్ళకి అనవసరం. నేను ఎప్పుడూ చివరి రోజు దాకా సాగదీసుకోలేదు, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఏంటి పరిస్థితి అని కొన్ని రోజులు మిగిల్చుకునే టికెట్ తీసుకున్నా, మీరూ అలాగే చేయండి. మధ్యలో పొడిగించుకోవచ్చులే అనుకోవద్దు, పొడిగింపు అనేది తప్పించుకోలేని పరిస్థితి ఉంటేనో, మానవతా కారణాలు ఉంటేనో, చాలా తీవ్రమైన సొంత కారణం ఉంటేనో ఇస్తారు, స్పౌజ్ వీసా ఇంకా రాలేదు అనేది అందులోకి వస్తుందని నమ్ముకుని టికెట్ కొనకూడదు.

ఇప్పుడు పెద్ద ప్రశ్న, అక్కడికి వెళ్ళాక సీ వీసాని పర్మిట్‌గా మార్చుకోవచ్చా. మా ఆయన అక్కడ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడిగారు, అది మేం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే విలువైన ఖర్చు అని ఇప్పటికీ అంటా. ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. జర్మన్ రెసిడెన్స్ చట్టంలో ఏ పర్మిట్ కావాలో దానికి సరైన వీసాతోనే దేశంలోకి వచ్చి ఉండాలి అని ఉంది, భార్యగా ఉండటానికి వచ్చేవాళ్ళకి ఆ సరైన వీసా డీ వీసానే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి ఆఫీసర్ ఒప్పుకోవాలి, ఒక్కో కేసు ఒక్కోలా ఉంటుంది. ఇంకా పెద్ద విషయం ఆ చట్టంలోనే సెక్షన్ 81. డీ వీసా గానీ పర్మిట్ గానీ ఉన్నవాళ్ళు గడువు అయిపోకముందే అప్లికేషన్ ఇస్తే, నిర్ణయం వచ్చేదాకా పాత హక్కే కొనసాగుతున్నట్టు లెక్క. ఆ కొనసాగింపు షార్ట్ స్టే వీసాకి వర్తించదు అని అదే సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. అంటే నా చేతిలో సీ వీసా ఉండగా నా ఫైల్ ఎక్కడ ఎంత పెండింగ్‌లో ఉన్నా దానివల్ల నాకు ఒక్క రోజు కూడా ఎక్కువ రాదు. రైల్వే వెయిటింగ్ లిస్ట్ టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన స్లీపర్ బెర్త్ మనది కానట్టే. అదే డీ వీసాతో దిగి అక్కడ అప్లై చేస్తే మాత్రం పెండింగ్ అన్న మాటకే బలం వచ్చేస్తుంది. ఈ రెండు పెండింగులూ ఒకటి కాదు, నాకు మొత్తం ప్రాసెస్‌లో తెలిసిన అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే, దీని కోసమే ఇంత రాస్తున్నా.

ఓవర్‌స్టే అయితే ఏమవుతుందిలే అనే ధైర్యవంతులు కూడా ఉన్నారు. జరిమానా పడొచ్చు, కొన్నాళ్ళు రానివ్వకుండా బ్యాన్ వేయొచ్చు, జర్మనీలో పర్మిట్ లేకుండా ఉండటం చట్టప్రకారం నేరం కూడా. అన్నిటికంటే నాకు భయం వేసింది ఏంటంటే, దేని కోసం ఇంత పాటు పడుతున్నామో ఆ డీ వీసా ఫైల్‌నే అది దెబ్బతీస్తుంది. పైగా 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అని కొత్త సిస్టమ్ మొదలైంది, షార్ట్ స్టే మీద వచ్చేవాళ్ళ ఫోటో, వేలిముద్రలు తీసుకుని ఎంట్రీ ఎగ్జిట్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, స్టాంపుల బదులు ఇదే, రోజులు ఎన్ని వాడారో సిస్టమే లెక్కేస్తుంది. స్టాంప్ సరిగ్గా పడలేదు ఎవరికి తెలుస్తుంది అనే రోజులు పోయాయి.

ఇవన్నీ తెలుసుకున్నాకే నేను వెళ్ళా. దొంగచాటుగా కాదు, అన్నీ చెప్పే వెళ్ళా. చెల్లుబాటులో ఉన్న సీ వీసా మీద భర్తని చూడటానికి వెళ్ళడం తప్పేం కాదు, 90 దాటకుండా వెనక్కి రావాలి అంతే. ఫైల్‌లో పెట్టుకున్నవి, మా ఆయన బ్లూ కార్డ్ కాపీ, ఇంటి అగ్రిమెంట్, మ్యారేజ్ సర్టిఫికెట్, రిటర్న్ టికెట్, ట్రావెల్ ఇన్సూరెన్స్ (షెంగెన్‌కి 30,000 యూరోల కవర్ తక్కువ ఉండకూడదు), ఆఫీస్ లీవ్ లెటర్, పాత ఎంట్రీ ఎగ్జిట్‌లన్నీ రాసుకున్న కాగితం, డీ వీసా అప్లికేషన్ రసీదు. లాప్‌టాప్ తీసుకెళ్ళి అక్కడ్నుంచే పని చేసుకో అని టీమ్‌లో కొందరు అన్నారు, నేను ఒప్పుకోలేదు, విజిట్ మీద వెళ్ళి జాబ్ చేసే హక్కు రాదు, లీవ్ పెట్టుకునే వెళ్ళా.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసర్ ఎందుకొచ్చావు, ఎన్ని రోజులు, ఎక్కడుంటావు అని అడిగాడు. భర్త దగ్గరికి అని చెప్పా, వెంటనే మరి స్పౌజ్ వీసా ఎందుకు తీసుకోలేదు అన్నాడు. ఇక్కడే చాలామంది తడబడి టూరిస్ట్‌ని అనో ఫ్రెండ్ దగ్గరికి అనో చెప్తారు, దయచేసి అలా చేయొద్దు. అప్లై చేశాను, ఇండియాలో పెండింగ్‌లో ఉంది, ఇదిగో రసీదు, ఇప్పుడు విజిట్‌కే వచ్చాను, ఇదిగో రిటర్న్ టికెట్, డీ వీసా తీసుకోవడానికి ఇండియా వెళ్ళాలని తెలుసు అని చెప్పేశా. పేజీలు తిప్పి పాత స్టాంపులు చూశాడు, లెక్కేసుకున్నట్టున్నాడు, నా కాగితం కూడా తీసుకుని చూసి ఇచ్చేశాడు. గుండె దడదడలాడింది ఒప్పుకుంటా, కానీ దాచిపెట్టడానికి ఏమీ లేకపోతే ఆ దడ రెండు నిమిషాలే.

ఇక్కడ ఇంకో మాట. నా దగ్గర ముందే సీ వీసా ఉంది కాబట్టి ఇది కుదిరింది. నా ఫ్రెండ్ ఒకామె డీ వీసా పెండింగ్‌లో పెట్టి కొత్తగా విజిట్ వీసాకి అప్లై చేస్తే రిజెక్ట్ అయింది, గడువు అయ్యేలోపు తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు అన్న కారణానికి టిక్ పెట్టి ఇచ్చారు. ఒకపక్క నేను అక్కడే ఉండిపోతాను అని అప్లికేషన్, ఇంకోపక్క నేను తిరిగొచ్చేస్తాను అని అప్లికేషన్, ఆఫీసర్ కోణంలో చూస్తే ఆ అనుమానం రావడం సహజమే. అందుకని అందరికీ రిజెక్ట్ అవుతుందని కాదు, జాబ్ లీవ్ లెటర్ లాంటివి గట్టిగా ఉంటే, వెళ్ళడానికి ఒక స్పష్టమైన కారణం ఉంటే అప్లై చేయండి, పెండింగ్ సంగతి కవర్ లెటర్‌లో మీరే రాసేయండి. ఫీజు 90 యూరోలు, పైన సర్వీస్ ఛార్జీలు, రిజెక్ట్ అయితే తిరిగి రావు, అది కూడా చూసుకోండి.

నేను అక్కడ ఉండగానే మెయిల్ వచ్చింది, వీసా వేయడానికి పాస్‌పోర్ట్ సబ్మిట్ చేయమని. ఆ మెయిల్ కోసం రెండిళ్ళ వాళ్ళూ ఎన్ని మొక్కులు మొక్కారో, వచ్చినప్పుడు నేనేమో అక్కడ, పాస్‌పోర్ట్ ఇవ్వాల్సింది ఇక్కడ. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోమని లాయర్ ముందే చెప్పడం వల్ల ఇబ్బంది లేకుండా ముందుకి జరుపుకుని వచ్చేశా. కాబట్టి పెండింగ్‌లో ఉండగా వెళ్ళేవాళ్ళు చవకగా వస్తోంది కదా అని తేదీ మార్చలేని టికెట్ కొనకండి.

డీ వీసా వచ్చాక లెక్క మొత్తం మారిపోతుంది. డీ వీసా మీద గానీ పర్మిట్ మీద గానీ జర్మనీలో ఉన్న రోజులు ఆ 90లోకి రావు, అంతకుముందు విజిట్‌లో వాడేసిన రోజులు ఇక్కడ అడ్డుపడవు. దిగాక రెండు వారాల్లో ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. తర్వాత ఫారినర్స్ ఆఫీస్‌లో పర్మిట్‌కి అప్లై చేయాలి. మా ఊరి ఆఫీస్‌లో అపాయింట్‌మెంట్ దొరకలేదు, డీ వీసా గడువు దగ్గరపడుతోంది, నాకు నిద్ర పట్టేది కాదు. కానీ ఇక్కడ సెక్షన్ 81 మనవైపు ఉంది. గడువు లోపల అప్లికేషన్ వాళ్ళకి చేరిందన్న రుజువు ఉండటమే ముఖ్యం, అపాయింట్‌మెంట్ తర్వాత వచ్చినా పర్లేదు. మేం ఆన్‌లైన్‌లో అప్లై చేసి ఆ కన్ఫర్మేషన్ ప్రింట్ తీసుకుని, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ ఇవ్వమని విడిగా రాసి అడిగాం. అది మడతపెట్టే కాగితం, నిర్ణయం వచ్చేదాకా నీ హక్కు కొనసాగుతోంది అని చెప్పే పత్రం.

ఆ కాగితం చేతికి రాగానే ఏ గడిలో టిక్ పెట్టారో చూడండి. సెక్షన్ 81లో నాలుగో పేరా దగ్గర టిక్ ఉంటే పాత వీసా హక్కులన్నీ కొనసాగుతున్నట్టు, దేశం దాటి వెళ్ళి తిరిగి రావచ్చు. మూడో పేరా మొదటి వాక్యం దగ్గర ఉంటే అక్కడ ఉండొచ్చు గానీ బయటికెళ్తే దానిమీద తిరిగి రాలేరు. కౌంటర్‌లోంచి బయటికి రాకముందే చూసుకోవాలి, ఇంటికెళ్ళాక కాదు. సరిగ్గా ఆ టైంలోనే నాన్నకి కంటి ఆపరేషన్ వచ్చి నేను హైదరాబాద్ రావాల్సి వచ్చింది, నా దాంట్లో నాలుగో పేరా టిక్ ఉంది కాబట్టే ధైర్యంగా వచ్చా. తిరిగి వెళ్ళేటప్పుడు శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ అమ్మాయి ఆ కాగితాన్ని ఎప్పుడూ చూడలేదట, కార్డేది అని అడిగి సూపర్‌వైజర్‌ని పిలిచింది, కాసేపు అటూ ఇటూ ఫోన్లు చేసుకుని పంపించారు. గడువు అయిపోయిన డీ వీసా ఉన్న పాస్‌పోర్ట్, ఆ కాగితం, అడ్రస్ రిజిస్ట్రేషన్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని మూడు నాలుగు గంటలు ముందే వెళ్ళడం మంచిదైంది. మధ్యలో ఇంకో షెంగెన్ ఎయిర్‌పోర్ట్ లేకుండా ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఫ్లైటే తీసుకున్నా, కొత్త దేశంలో ఆఫీసర్‌కి ఆ కాగితం గురించి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడం ఎందుకని.

ఇటలీ వాళ్ళకి ఒక మాట, అక్కడ డీ వీసాతో దిగాక ఎనిమిది వర్కింగ్ డేస్‌లో పర్మిట్‌కి అప్లై చేయాలి, పోస్టాఫీస్‌లో కిట్ ఇస్తారు, ఆ రసీదే కార్డు వచ్చేదాకా మీ ఆధారం, దాన్ని పోగొట్టుకోవద్దు. మిగతా దేశాలవాళ్ళు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ ఆఫీస్‌కే మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకుని దాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో వెళ్ళారట ఏం కాలేదట అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు.

నా కార్డు ఈమధ్యే వచ్చింది. అపాయింట్‌మెంట్‌లో వేలిముద్రలు ఇచ్చాక కార్డు బెర్లిన్‌లో ప్రింటై రావడానికి వారాలు పట్టింది. ఇప్పుడు జర్మనీలో రోజుల లెక్క లేదు, ఈఈఎస్ కూడా పర్మిట్ ఉన్నవాళ్ళకి వర్తించదు. కానీ పక్క షెంగెన్ దేశాలకి వెళ్తే అక్కడ ఉండేది మళ్ళీ 180లో 90 రోజులే, జర్మన్ కార్డు ఉంది కదా అని పారిస్‌లో అక్క దగ్గర నెలల తరబడి ఉండిపోవడం కుదరదు. వెళ్ళినప్పుడు కార్డు ఒక్కటే కాదు, పాస్‌పోర్ట్ కూడా దగ్గరుండాలి.